చట్టంలో లేని మేనల్లుడు

రిటర్నులు వేయడానికి అది ఆఖరి రోజు. నా ఆఫీసులో కుర్చీలన్నీ నిండిపోయి మెట్ల మీద కూడా జనం కూర్చున్నారు. ఆదాయపు పన్ను పోర్టల్ పొద్దున్న తొమ్మిదింటి నుంచి తెరుచుకోకుండా చక్రం తిప్పుతూనే ఉంది. అప్పుడు అత్త ఫోన్ చేసింది. "మీ మావ లెగలేదురా. డాక్టరొచ్చి సూసి ఎలిపోనాడు. బేగి రా," అంది. ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని ఏడవడం కాదు. "ఈ మనిషికి ఇవాళే కుదిరిందా!" అని పైకే అనేశాను. ఎదురుగా కూర్చున్న బియ్యం వ్యాపారి కంగారుపడ్డాడు. మా మేనమామ పోయాడని చెప్పాను. "అయ్యయ్యో" అని కాసేపు తల దించుకుని కూర్చుని, "మరి నా రిటర్ను?" అన్నాడు.

మావ గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఈ పత్రికవాళ్లు అడిగారు. రాస్తాను. కానీ ఆయన మీద నాకున్న విసుగు ఇంకా తీరలేదు. దాన్ని తీసి పక్కన పెట్టి రాస్తే అది ఇంకెవరి గురించో రాసినట్టు ఉంటుంది. ఆరేళ్లు నన్ను కాల్చుకుతిన్నాడు. పోతూ పోతూ కూడా గడువు చూసుకోలేదు. లేక చూసుకునే పోయాడేమో, ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఆమదాలవలసలో స్టేషనుకి వెళ్లే దారిలో ఆయన వీడియో స్టూడియో మీలో చాలామందికి తెలుసు. తాత నడిపిన కిరాణా కొట్టు అది. తాత పోయాక మావ పప్పుల డబ్బాలు తీసేసి, గోడకి నీలం తెర కట్టి, పెళ్లిళ్లు తీయడం మొదలుపెట్టాడు. షావుకారు కొడుకు కెమెరా పట్టుకోవడమేమిటని మా వాళ్లు కొన్నాళ్లు నొచ్చుకున్నారు. తర్వాత వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకి ఆయన్నే పిలిచారు, డబ్బు మాత్రం ఇవ్వలేదు. మీ బీరువా మీద దుమ్ము పట్టిన క్యాసెట్టు ఉంటే ఓసారి తీసి చూడండి. అట్ట మీద ముహూర్తం కన్నా ముందు వచ్చినవాళ్ల ఊళ్లు రాసి ఉంటే అది మావ తీసిందే.

పెళ్లిలో మావ పని నాకు బాగా తెలుసు, ఎందుకంటే లైటు పట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. తాళి కట్టేటప్పుడు ఎవరైనా తీస్తారు. మావ అసలు పని భోజనాల దగ్గర మొదలయ్యేది. ప్రతి బంతిలోనూ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, విస్తరి ముందు కూర్చున్న ఒక్కొక్క ముఖం మీదా కెమెరా ఆపేవాడు. నోట్లో ముద్ద ఉన్నా వదిలేవాడు కాదు. "మంత్రం తప్పినా పెళ్లవుద్ది గానీ, ముఖం తప్పితే ఆ ఇంటికీ ఈ ఇంటికీ పదేళ్లు మాటలుండవురా," అనేవాడు. అది నిజమే. తన ముఖం రాలేదని ఒకాయన పెళ్లివారి గడప తొక్కడం మానేసిన ఉదంతం మా వాళ్లలోనే ఉంది.

ఇంత ముఖాల మనిషికి ముఖమే లేని శత్రువు దొరికాడు. దానికి కారణం ఆయన కూతురి పెళ్లి, ఇంకా చెప్పాలంటే నేను.

ఆ పెళ్లిలో చదివింపుల బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఒక చేతిలో మైకు, ఒక చేతిలో పెన్ను. వచ్చినవాళ్లు ఇచ్చింది మైకులో చదవాలి, పుస్తకంలో రాయాలి. నేనప్పుడు కొత్తగా ట్యాక్స్ కన్సల్టెంటునని బోర్డు పెట్టుకున్నాను కాబట్టి ఈ పనికి నాకన్నా తగినవాడు లేడని అందరూ అన్నారు. నేనూ అనుకున్నాను. పుస్తకంలో ఏమని రాశాను? కొత్తవలస పిన్ని. రామతీర్థం బావ. మిల్లు బాబాయి. చేపల అక్క. మా ఇళ్లలో ఎవరు రాసినా అలాగే రాస్తారు. కొత్తవలస పిన్ని అని రాశాక ఆవిడ పేరు దేనికి? ఇంటి పేరూ ఒంటి పేరూ అడిగితే "ఓహో, నేనెవరో తెలీదేటి నీకు" అని అలిగి, కవరు వెనక్కి తీసుకున్నా తీసుకుంటారు. జనం తగ్గాక ఆఖరి గీత మీద నా వంతు రాసుకున్నాను. మేనల్లుడు.

మర్నాడు మావ చదివింపుల డబ్బున్న గుడ్డసంచీ తెచ్చి నా ముందు పెట్టాడు. కూతురూ అల్లుడూ అది తమకొద్దని, షామియానావాడికీ వంటవాళ్లకీ ఇవ్వమని అప్పటికే చెప్పేశారు. "ఇదేటి సెయ్యమంటావురా? నువ్వే సెప్పాల, బోర్డు పెట్టినోడివి," అన్నాడు. నేను కాలు మీద కాలు వేసుకుని చెప్పాను. "ఇంట్లో ఉంచకు మావా. నీ ఖాతాలో వేసెయ్. అక్కణ్ణుంచి చెక్కులిచ్చుకో." ఈ మాట అన్నది నేనే. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను, మీరు గుర్తుంచుకోండి.

రెండేళ్లకి నోటీసు వచ్చింది. ఖాతాలో పడిన ఆ నగదు ఎక్కడిదో చెప్పాలి. కూతురి పెళ్లిలో చదివింపులని రాశాం. పెళ్లికానుకలకి పన్ను లేదు, కానీ అది పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ వస్తేనే. పిల్ల తండ్రి ఖాతాలో పడితే లెక్క వేరు. అప్పుడు బంధువులిచ్చిందైతే వదిలేస్తారు, మిగతావాళ్లిచ్చింది ఒక హద్దు దాటితే ఆదాయం కింద లెక్కకడతారు. ఇచ్చినవాళ్ల పేర్లు, చిరునామాలు, పాన్ నంబర్లు పంపమని రెండో నోటీసు.

మావ చదివింపుల పుస్తకం పట్టుకుని నా ఆఫీసుకి వచ్చాడు, నవ్వుతూ. "పన్లేదురా. నువ్వు పేర్లు రాయకపోడమే మంచిదైంది. అన్నీ వరసలే. బంధువులని వేరే సెప్పక్కర్లేదు," అన్నాడు.

"చట్టంలో బంధువంటే వేరే జాబితా ఉంది మావా," అన్నాను.

"ఏటా జాబితా?"

ఆయన ఒక్కొక్క గీత చదివాడు, నేను తీర్పు చెప్పాను. కొత్తవలస పిన్ని మీ అమ్మమ్మ కడుపున పుట్టిందా? లేదు, పెదతాత కూతురు. అయితే కాదు. రామతీర్థం బావ సొంత అక్క మొగుడా? కాదు, వరసకి బావ. అయితే కాదు. "సట్టంలో బావ నేడేటి?" "సొంత తోబుట్టువు మొగుడైతే ఉన్నాడు. వరస బావ లేడు." చేపల అక్క గురించి అడగనే అక్కర్లేదు. అలా పేజీలు తిప్పుకుంటూ ఆఖరి గీత దగ్గరికి వచ్చి, వేలు పెట్టి, "ఇదైతే అవుద్ది కదా," అన్నాడు.

నా ముందు నలుగురు కూర్చుని ఉన్నారు. ఎవరిదో రిటర్ను నింపుతున్నాను. తల తిప్పకుండా, టైపు చేస్తూనే చెప్పాను. "మేనమామ మేనల్లుడికిస్తే బంధువిచ్చినట్టు. మేనల్లుడు మేనమామకిస్తే బయటివాడిచ్చినట్టు. చట్టం ప్రకారం నేను నీకు బంధువుని కాను మావా."

మావ ఆ గీత మీంచి వేలు తీశాడు. "అంటే నాను నీకవుతాను, నువ్వు నాకవ్వవు," అన్నాడు. అవునన్నాను. "ఇది రాసినోడికి మేనమామ నేడేటిరా?" అన్నాడు. నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. మావ పుస్తకం సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ మెట్ల చప్పుడు ఇవాళ్టికీ నా చెవిలో ఉంది. నేనన్న మాట అబద్ధం కాదు. కానీ మనిషి ముఖం చూడకుండా చెప్పాను. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

వారం తిరిగేసరికి సినిమా మొదలైంది.

ముందు ఆఫీసరు ముఖం చూడాలన్నాడు. ఇప్పుడు ఎదురుపడే ఆఫీసర్లు ఉండరని, ఏ ఊళ్లో ఎవరు మన కాగితాలు చూస్తున్నారో మనకి తెలియకుండా పద్ధతి మార్చారని, దీనివల్ల లంచాలు ఉండవని చెప్పాను. "లంచం నేకపోతే మంచిదే. ముఖం ఎందుకు నేకపోవాల?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "నువ్వు పన్ను కట్టకుండా తప్పించుకోడానికి ఇదంతా ఎందుకు?" అన్నాను. "కట్టనంటన్నానేటి? కడతాను. ఎందుకో సెప్పమంటన్నాను. నా గుమ్మంలోకొచ్చి నా బావ బావ కాదని సెప్పే అధికారం వాడికెవడిచ్చాడో సెప్పమంటన్నాను. అడగడానికి పన్ను నేదు కదా!"

ఆ సినిమా ఎలా తీశాడో వినండి. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొన్నాడు. పుస్తకంలో ఉన్న ప్రతి మనిషి దగ్గరికీ వెళ్లి, ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, అవే ప్రశ్నలు. నీ పేరేటి, మీ నాన్న పేరేటి, మీదే ఊరు, నాకు నువ్వేటవుతావు. ఆ తర్వాత, నువ్వు సదివించింది నా సంపాదనేనా. మనిషి లేచి వెళ్లాక కెమెరా ఆపేవాడు కాదు. ఒక నిమిషం పాటు ఖాళీ కుర్చీని తీసేవాడు. "ఇది ఆఫీసరుగారి వంతు. ఎప్పుడొస్తాడో మనకేం తెల్సు," అనేవాడు. ముఖం తీసిన ప్రతి గీతకీ పుస్తకంలో ఎర్ర పెన్సిలుతో టిక్కు.

ఆయనకి చూపు ఆనదు, స్కూటరు మీద కుర్చీ కట్టుకుని ఊళ్లో తిరిగాడు గానీ దూరపు ఊళ్లకి పోలేడు. అత్త నా మీద పడింది. అలా నా ఆదివారాలన్నీ పోయాయి. నా కారు డిక్కీలో కుర్చీ, వెనక సీట్లో లైటూ గొడుగూ పట్టుకుని అత్త, ముందు సీట్లో పుస్తకం ఒళ్లో పెట్టుకుని మావ. నేను ఒకటే షరతు పెట్టాను. నా ముఖం ఎక్కడా రాకూడదు. ప్రభుత్వాన్ని నిలదీసే సినిమాలో ట్యాక్స్ కన్సల్టెంటు కనిపిస్తే ఇక నా గుమ్మం ఎక్కేదెవరు? కెమెరా నావైపు తిరిగితే చాలు, పక్కకి తప్పుకునేవాణ్ణి.

కొత్తవలస పిన్ని ఇల్లు రైలు పట్టాలకి దగ్గర. కిరండూల్ లైను మీద ఖనిజం బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. పిన్ని నోరు తెరిచినప్పుడల్లా ఒక బండి. ఆ చప్పుడు పోయేదాకా ఆగుదామంటే, దానికెన్ని పెట్టెలో ఎవరికి తెలుసు? "నాకు నువ్వేటవుతావు?" అని మావ ఏడుసార్లు అడిగాడు. ఏడోసారికి పిన్నికి ఒళ్లు మండింది. "పిన్నినిరా! నీ బొడ్డు కోసినప్పుడు పక్కనున్నదాన్ని. పొద్దున్న నుంచి అడుగుతున్నావు, మతి గానీ పోయిందా?" అంది. సరిగ్గా అప్పుడు బండి లేదు. మావ ముఖం వెలిగిపోయింది. నేను నవ్వాపుకోలేక, ఫోన్ వచ్చిందని చెప్పి బయటికి వెళ్లిపోయాను. ఆ తర్వాత లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఇది కూడా గుర్తుంచుకోండి.

రామతీర్థం కొండ కింద కొబ్బరికాయలు అమ్మే బావ ఇంకో రకం. ప్రభుత్వం అనగానే వణికాడు. కుర్చీలో సగం మాత్రమే కూర్చుని, "బావా, నాను ఇచ్చినట్టు నువ్వు సెప్పకు, నువ్వు తీసుకున్నట్టు నాను సెప్పను," అన్నాడు. మావ అరగంట బతిమాలాడు. చివరికి, "బావనే అవుతాను. అదైతే సెప్తాను. మిగతాది నాకు తెలీదు," అని లేచిపోయాడు. మావకి అదే చాలు.

చేపల అక్కది కళింగపట్నం రేవు. ఆవిడ కూతురి పెళ్లి మావ ఊరికే తీసి పెట్టాడని, ఆ అభిమానంతో మా మరదలి పెళ్లికి బస్సెక్కి వచ్చి చదివించింది. ఇసుకలో కుర్చీ వేస్తే నాలుగు కాళ్లూ దిగబడిపోయాయి. ఆవిడ తట్ట దించకుండానే కూర్చుంది. సంపాదనేనా అని మావ అడిగితే, "సంపాదనేటి బాబూ! నువ్వు నా గుంట పెళ్లి తీసినావు. నాను నీ గుంట పెళ్లికి సదివించినాను. అయిపోనాది. మజ్జిన ఆళ్లకేటి పని?" అంది. మావ కెమెరా వెనక నుంచి నాకేసి చూశాడు. ఆవిడ పరాయిదని రాసిన చేత్తోనే నేను ఆవిడకి నమస్కారం పెట్టాను.

ఒక్కరోజు మాత్రం నన్ను నిజంగా ఏడిపించాడు. చెప్పా పెట్టకుండా బస్సెక్కి, కుర్చీ నెత్తిన పెట్టుకుని, పన్ను ఆఫీసు గేటు ముందు కెమెరా వేశాడు. ఇక్కడ తీయకూడదని సెక్యూరిటీ మనిషి చెప్పాడు. ఎందుకు తీయకూడదో రాసి ఇమ్మన్నాడు మావ. నాకు ఫోన్ వచ్చి, ఉన్న పని వదిలేసి, అరవై ఆపదమొక్కులు మొక్కుకుంటూ వెళ్లాను. అక్కడికి చేరేసరికి సెక్యూరిటీ మనిషి ఎర్ర కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పి, కాళ్లు రుద్దుకుంటున్నాడు. పొద్దున్న ఆరింటి నుంచి నిలబడే ఉన్నాడట. మావ కెమెరా నడుస్తూనే ఉంది. పేరు చెప్పాడు, నాన్న పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. ఏటవుతావు అంటే, "ఏటీ అవ్వను బాబూ. ఈళ్లకీ ఏటీ అవ్వను. కాంట్రాక్టు మనిషిని," అన్నాడు. ఆ కుర్చీలో కూర్చున్న ప్రభుత్వం అదొక్కటే.

ఊళ్లో పన్ను పిచ్చోడని పేరు పడింది. ఒకరోజు నలుగురు యువనాయకులు దండతో వచ్చారు. ఎవరూ పన్ను కట్టొద్దని ఉద్యమం చేద్దామని, మావ ముందు నడవాలని అన్నారు. "నాను కట్టినోణ్ణిరా. సలానా సూపిత్తాను రండి. కట్టినోడిగా అడుగుతన్నాను. మీరు రోడ్డు మీద ఎల్లడం మానేస్తారేటి?" అని దండతో సహా పంపేశాడు. దీనికి ఆయన్ని మెచ్చుకోవాలో తిట్టాలో నాకు తెలియలేదు. ఎవరి పక్షానా నిలబడని మనిషికి తోడుగా నిలబడటం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు.

కేసు సంగతి చెప్పలేదు కదా. సినిమానే రుజువుగా పంపమన్నాడు. పోర్టల్లో చిన్న చిన్న పీడీఎఫ్‌లు తప్ప ఇంకేమీ ఎక్కదు. "ఇంత పెద్ద గవర్నమెంటుకి ఒక సినిమా సూసే కిటికీ నేదేటి?" అని నా మీద ఎగిరాడు, ఆ కిటికీ నేనే మూసినట్టు. సరే, ఒక్కొక్కరి ముఖం ఫొటోగా తీసి, కింద పేరూ వరసా రాసి, ముక్కలు ముక్కలుగా ఎక్కించాను. పదిహేను రోజులు పట్టింది. ఇచ్చిన వివరణ సంతృప్తికరంగా లేదని ఆర్డరు వచ్చింది. మావ పన్నూ వడ్డీ కట్టి, చలానా తీసుకొచ్చి, అప్పీలు వేయించాడు. తర్వాత పెన్‌డ్రైవు రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. అందినట్టు కార్డు తిరిగి వచ్చింది. దాని మీద ముద్ర అలికేసినట్టు ఉంది, సంతకం ఎవరిదో తెలియదు. "సూసినావా, ముఖం నేకపోయినా సెయ్యైతే ఉన్నాది," అని ఆ కార్డుని లామినేషన్ చేయించి పెట్టుకున్నాడు.

పోవడానికి వారం ముందు నా ఆఫీసుకి వచ్చాడు. రిటర్నుల సీజను, ఊపిరాడటం లేదు నాకు. నా కీబోర్డు మీదే పుస్తకం తెరిచి పెట్టాడు. పేజీల నిండా ఎర్ర టిక్కులు. పోయినవాళ్ల గీతల పక్కన వాళ్ల కొడుకులవో కోడళ్లవో పేర్లు, వాటికీ టిక్కులు. ఆఖరి గీత మాత్రం ఖాళీ.

"రెండు నిమిషాల పనిరా," అన్నాడు.

"ఇప్పుడు కాదు మావా. ఈ గడువు దాటనీ."

"గడువు దాటితే వస్తావేటి?"

"వస్తానన్నానుగా!" అని కసురుకున్నాను. ఆయన కీబోర్డు మీంచి పుస్తకం తీసుకుని, "నువ్వు ఆఫీసులో ఆఫీసు తెలుగు మాటాడతావురా. అక్కడికొచ్చి మన తెలుగు మాటాడు, సాలు," అన్నాడు. అదే ఆఖరు.

అందుకే అన్నాను, గడువు చూసుకునే పోయాడేమోనని.

పన్నెండో రోజు కార్యక్రమాలు అయ్యాక, బంధువులు ఇంకా కదలకముందే, అత్త టీవీకి పెన్‌డ్రైవు పెట్టింది. "ఆరేళ్లు తీసినాడు. మీరంతా ఉన్నారు, సూసి ఎల్లండి," అంది. అప్పటికి నా ఫోన్లో ఆయన పేరు మీద అప్పీలు విచారణ నోటీసు వచ్చి కూర్చుంది. పోయిన మనిషి ఆన్‌లైన్లో హాజరవ్వాలట. అది ఎవరికీ చెప్పలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాను.

చావింట్లో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. కొత్తవలస పిన్ని తెర మీద తిడుతుంటే కింద కూర్చున్న పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. రామతీర్థం బావ కుర్చీలో సగం కూర్చున్న వైనానికి పిల్లలు కూడా పడీ పడీ నవ్వారు. ప్రతి మనిషి తర్వాతా ఖాళీ కుర్చీ వచ్చేది, అప్పుడు అందరూ నిశ్శబ్దం అయిపోయేవారు. మొదట ఆ నిమిషం చాలా పొడుగనిపించింది. తర్వాత తర్వాత దానికోసమే చూడటం మొదలుపెట్టాం.

పిన్ని వంతు అయిపోయిందనుకున్నాను, కాలేదు. నేను ఫోన్ వచ్చిందని బయటికి వెళ్లిన తర్వాతిది ఉంది. తెర మీద పిన్ని గొంతు తగ్గించి అడిగింది. "ఒరే, మరి ఆ సొమ్ము నీ ఖాతాలో ఎయ్యమని నీకెవడు సెప్పాడురా? పిల్ల ఖాతాలో ఏసుంటే ఈ గొడవే ఉండకపోయేది కదా."

కెమెరా వెనక నుంచి మావ గొంతు. "ఎవడు సెప్తాడు పిన్నీ? నా బుర్రే."

ఇంతలో ఖనిజం బండి వచ్చింది. మిగతా మాటలు ఆ చప్పుడులో కొట్టుకుపోయాయి. ఎవరూ నావైపు చూడలేదు, చూడ్డానికి వాళ్లకి ఏం తెలుసు? ఆ సంగతి తెలిసినవాడు పోయాడు. ఆరేళ్లూ ఎదురుగా కూర్చుని "నువ్వే కదరా సెప్పినావు" అని ఒక్క మాట అనలేదు. నేను కోప్పడ్డాను, విసుక్కున్నాను, ఆదివారాలు పోయాయని లెక్క చెప్పాను. ఆయన ఆ పుస్తకం తెరిచి, ఒక్క గీత చూపించి, రెండు నిమిషాలు అడిగాడు. అంతే. నిలబడిన చోటే గోడకి ఆనుకుని ఏడ్చాను. అందరూ మావ కోసమే అనుకున్నారు. మావ కోసమే.

జనం వెళ్లాక స్టూడియోకి వెళ్లాం, అత్తా నేనూ. నీలం తెర ముందు ఎర్ర కుర్చీ వేసి ఉంది. కెమెరా స్టాండు మీదే ఉంది, మావ నాకోసం సరిచేసి పెట్టిన ఎత్తులోనే. కుర్చీ వీపుకి స్కూటరు తాడు ఒరుసుకున్న గీతలు, కాళ్లకి కళింగపట్నం ఇసుక. కూర్చున్నాను. అత్త కళ్లద్దాలు పెట్టుకుని బటను వెతికి నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది.

"నీ పేరేటి?" అంది.

చెప్పాను. నాన్న పేరు చెప్పాను. ఊరు చెప్పాను.

"మీ మావకి నువ్వేటవుతావు?"

"మేనల్లుణ్ణి."

అత్త ఐదో ప్రశ్న అడగబోయింది. నేనే చెప్పేశాను. "ఆ సొమ్ము ఆయన ఖాతాలో ఎయ్యమని సెప్పింది నానే. ఆయన బుర్ర కాదు. నానే సెప్పినాను."

అత్త పుస్తకం తీసి, ఎర్ర పెన్సిలు ఉమ్ముతో తడి చేసి, ఆఖరి గీత పక్కన టిక్కు పెట్టింది. అది సంగతి తెలిసి పెట్టిందో తెలియక పెట్టిందో నేను అడగలేదు. నేను లేచి వచ్చి కెమెరా ఆపబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఉండరా. ఆఫీసరుగారి వంతుంది," అంది.

బయట స్టేషన్లో ఏదో బండి వచ్చి ఆగింది. ఇద్దరం కెమెరా పక్కన నిలబడి, ఎర్ర కుర్చీకేసి చూస్తూ, ఆ నిమిషం పూర్తయ్యేదాకా ఉన్నాం.